క్యారియర్ స్క్వాడ్రన్లు ఖాళీ అయ్యాక: పూల్ నుంచి నింపాలా, పక్క ఓడ నుంచి తేవాలా, గ్రూప్‌నే మార్చేయాలా?

పసిఫిక్ యుద్ధం మీది కంప్యూటర్ ఆటలో క్యారియర్ల (విమానవాహక నౌకల) యుద్ధం గెలిచిన మరుసటి టర్న్‌లోనే అసలు చిక్కు మొదలవుతుంది. ఓడలన్నీ తేలుతున్నాయి, డెక్‌కు దెబ్బ లేదు. ఎయిర్ గ్రూప్ జాబితా తెరిచి చూస్తే మాత్రం ఫైటర్లు సగమే మిగిలుంటాయి, డైవ్ బాంబర్లు అంతకన్నా తక్కువ, టార్పెడో విమానాల స్క్వాడ్రన్ పేరుకే ఉంటుంది. అక్కడి నుంచి ఏం చేయాలన్నదాని మీద తిరుపతిలో ఈ ఆట ఆడే మా నలుగురైదుగురి మధ్య ప్రతిసారీ వాదనే. ఆట పేరు వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్. 2009లో మ్యాట్రిక్స్ గేమ్స్ విడుదల చేసింది. ఒక్కో టర్న్ ఒక్కో రోజు. 1941 డిసెంబర్‌లో మొదలుపెడితే యుద్ధం ముగిసేదాకా ప్రతి స్క్వాడ్రన్‌నూ, ప్రతి పైలట్‌నూ మనమే చూసుకోవాలి. నేను అమెరికా వైపు, చిత్తూరులో ఉండే మిత్రుడు జపాన్ వైపు. టర్న్ ఫైలు ఈమెయిల్‌లో అటూ ఇటూ పోతుంటుంది.

మా గుంపులో కొత్తగా చేరిన తమ్ముడు ఈమధ్య ఫోన్ చేశాడు. "అన్నా, విమానాలన్నీ నిండిపోయినాయి గదా, బయల్దేరేద్దామా?"

"విమానాలు సరే. వాటిల్లో ఎక్కిన పైలట్లు ఏడ నుంచి వచ్చినారో చూసినావా?"

చూడలేదు. చాలామంది చూడరు. అందుకే ఈ పోలిక రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. ఈ ఆటలో విమానాల పూల్ (నిల్వ) వేరు, పైలట్ల పూల్ వేరు. ఫ్యాక్టరీ నుంచి విమానం నెలనెలా వస్తుంది. పైలట్ కూడా వస్తాడు గానీ, వచ్చేటప్పుడు అతని అనుభవం అంకె బాగా తక్కువగా ఉంటుంది. నౌకల మీద బాంబు వేయడం, టార్పెడో వదలడం, గాలిలో పోరాటం, ఆత్మరక్షణ వంటి నైపుణ్యాలకు విడివిడి అంకెలున్నాయి. స్క్వాడ్రన్ తెర మీద విమానాల సంఖ్య పూర్తిగా కనిపించినా, ఈ అంకెలు 30, 40ల్లో ఉంటే ఆ స్క్వాడ్రన్ ఇంకా ఖాళీగానే ఉందని లెక్కవేసుకోండి. బ్రహ్మోత్సవాలప్పుడు వేరే డిపోల నుంచి తిరుపతికి ఎన్ని బస్సులైనా తెప్పించవచ్చు. కానీ ఘాట్ రోడ్డులో స్టీరింగ్ పట్టాలంటే ఆ మలుపులకు చేయి అలవాటైన డ్రైవరే కావాలి. మైదానంలో ఏళ్ల తరబడి నడిపినవాడినైనా నేరుగా కొండ మీదికి పంపరు. క్యారియర్ డెక్ కూడా అంతే. ఆటలో కొన్ని స్క్వాడ్రన్లకు 'క్యారియర్ ట్రెయిన్డ్' అన్న గుర్తు ఉండేది ఇందుకే.

ఇక దారులు చూద్దాం.

పూల్ నుంచి నింపడం

అందరూ మొదట చేసేది ఇదే. సరఫరా దండిగా ఉన్న పెద్ద రేవుకు ఓడను తెచ్చి, రిప్లేస్‌మెంట్లు తీసుకోమని స్క్వాడ్రన్‌కు అనుమతిస్తే విమానాలు వచ్చి చేరతాయి. పైలట్లను కూడా అడిగి తీసుకోవచ్చు. పని సులువు, తెర మీద అంకె వెంటనే పెరుగుతుంది. ఆ సులువే ప్రమాదం.

పది మంది ఆరితేరినవాళ్లున్న డైవ్ బాంబర్ స్క్వాడ్రన్‌లో ఎనిమిది మంది కొత్తవాళ్లను కలిపితే, తర్వాతి దాడిలో ఆ ఎనిమిది మంది బాంబులు నీళ్లలో పడతాయి. అంతకన్నా ముఖ్యం, శత్రు ఫైటర్లకు మొదట చిక్కేది వాళ్లే. వాళ్లు పడిపోతే మళ్లీ పూల్, మళ్లీ కొత్తవాళ్లు. ఇలా రెండు మూడు యుద్ధాలు గడిస్తే ఆ స్క్వాడ్రన్‌లో పాతవాడంటూ మిగలడు.

నేను పాటించే పద్ధతి చెబుతాను. పూల్ నుంచి విమానాలు తీసుకుంటాను. పైలట్లను మాత్రం నేరుగా శిక్షణ పూల్ నుంచి తీసుకోను. ఒడ్డున వెనక స్థావరాల్లో ట్రైనింగ్ మిషన్ మీద పెట్టిన స్క్వాడ్రన్లలో అవసరమైన నైపుణ్యం 70 దాకా చేరినవాళ్లను రిజర్వ్‌లోకి వదిలి, అక్కడి నుంచి తెచ్చుకుంటాను. దీనికి కొన్ని నెలల ముందుచూపు కావాలి. యుద్ధం అయ్యాక శిక్షణ మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆట మొదటి నెలలోనే, చేతిలో పని లేని ప్రతి స్క్వాడ్రన్‌నూ శిక్షణలో పెట్టండి.

జపాన్ తరఫున ఆడేవాళ్లకు ఇక్కడ ఇంకో బరువుంది. విమానాలు, ఇంజిన్ల తయారీ కూడా మీ చేతిలోనే ఉంటుంది. ఏ ఫ్యాక్టరీ ఏ మోడల్ చేయాలో మీరే నిర్ణయించాలి. అమెరికా ఆటగాడికి ఉత్పత్తి చాలావరకు ముందే నిర్ణయమై ఉంటుంది. 1942లో అది చాలీచాలకుండా, 1943 చివరి నుంచి పొంగి పొర్లేలా వస్తుంది. కాబట్టి 1942లో అమెరికా ఆటగాడు పూల్ మీద ఆధారపడితే వైల్డ్‌క్యాట్ (ఎఫ్4ఎఫ్) ఫైటర్లకే కటకట.

పక్క ఓడ నుంచి తెచ్చుకోవడం, స్క్వాడ్రన్లు మార్చుకోవడం

నా దృష్టిలో 1942కు ఇదే మేలైన దారి. చరిత్రలో దీనికి ఎదురెదురుగా నిలిచిన రెండు ఉదాహరణలు ఒకే నెలలో జరిగాయి.

1942 మే 8న కోరల్ సీ యుద్ధంలో జపాన్ క్యారియర్ షోకాకుకు మూడు బాంబులు తగిలాయి. జుయికాకు మీద ఒక్క బాంబూ పడలేదు. కానీ రెండు ఓడల విమాన దళాలూ బాగా చితికిపోయాయి. జపాన్ నౌకాదళంలో విమాన దళం ఆ ఓడకే చెందినది. షోకాకులో మిగిలినవాళ్లను జుయికాకులోకి ఎక్కించి ఒక్క దళంగా కలిపి పంపే అలవాటు లేదు. ఫలితంగా బాగున్న జుయికాకు కూడా జపాన్‌లోనే ఉండిపోయింది. జూన్ 4న మిడ్‌వే దగ్గర జపాన్ అడ్మిరల్ నగుమో వెంట ఉన్న క్యారియర్లు అకాగి, కాగా, సోర్యు, హిర్యు నాలుగే.

అవతలి వైపు అదే యుద్ధంలో అమెరికా క్యారియర్ యార్క్‌టౌన్ దెబ్బతింది. మే 27న పెర్ల్ హార్బర్ చేరింది, మే 30కల్లా అత్యవసర మరమ్మతులు చేసుకుని మళ్లీ బయల్దేరింది. ఓడ మరమ్మతు గురించి అందరికీ తెలుసు. విమాన దళం మరమ్మతు గురించి తక్కువ మంది మాట్లాడతారు. యార్క్‌టౌన్ స్క్వాడ్రన్లు అలిసి, పలచబడి ఉన్నాయి. జనవరిలో టార్పెడో దెబ్బ తిని మరమ్మతులకు వెళ్లిన మరో క్యారియర్ సారటోగా స్క్వాడ్రన్లు హవాయిలో ఒడ్డున ఉన్నాయి. ఫైటింగ్ 3, బాంబింగ్ 3, టార్పెడో 3 స్క్వాడ్రన్లను యార్క్‌టౌన్ ఎక్కించారు. ఫైటింగ్ 3లోకి యార్క్‌టౌన్ పాత పైలట్లను కొందరిని కలిపారు. యార్క్‌టౌన్ సొంత బాంబింగ్ 5ను మాత్రం ఉంచి, ఆ యుద్ధానికి స్కౌటింగ్ 5 అని పేరు మార్చారు. ఐదు రోజుల తర్వాత సోర్యును ముంచింది ఆ అరువు తెచ్చిన బాంబింగ్ 3 డైవ్ బాంబర్లే.

ఆటలో ఈ అవకాశం రెండు వైపులకూ ఉంది. జపాన్ ఆటగాడు చరిత్రలోని అలవాటుకు కట్టుబడనక్కర్లేదు. షోకాకు దెబ్బ తింటే దాని స్క్వాడ్రన్లను జుయికాకుకు బదిలీ చేసి, చితికిన స్క్వాడ్రన్లను ఒడ్డుకు దించేయండి. రెండు సగం దళాలతో రెండు క్యారియర్లను పంపడం కన్నా, నిండు దళంతో ఒక్క క్యారియర్‌ను పంపడమే మేలు. సగం దళం ఉన్న క్యారియర్ తనను తాను కాపాడుకోలేదు. పక్క ఓడకూ అది భారమే.

ఒక్క జాగ్రత్త. క్యారియర్ సామర్థ్యాన్ని కొంత మించి విమానాలు ఎక్కించుకోవచ్చు గానీ, 115 శాతం దాటితే ఆ డెక్ నుంచి ఏదీ ఎగరదు. యుద్ధం మధ్యలో మునిగే ఓడ విమానాలు పక్క ఓడల మీద దిగినప్పుడు తెలియకుండానే ఈ గీత దాటుతారు. ఆ టర్న్‌లో తప్పకుండా లెక్క చూసి, మిగులును దగ్గరి ద్వీపానికి పంపేయండి.

ఒడ్డు స్క్వాడ్రన్లను డెక్ ఎక్కించడం

ఇక్కడ రెండు రకాల స్క్వాడ్రన్లను వేరుగా చూడాలి. క్యారియర్ శిక్షణ ఉన్నవి, ఓడ లేక ఒడ్డున కాచుకున్నవి ఒక రకం. సారటోగా స్క్వాడ్రన్లు ఆ కోవకు చెందినవి. అవి దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి.

రెండోది, విమానం క్యారియర్ మీద దిగగలిగినా స్క్వాడ్రన్‌కు ఆ శిక్షణ లేని రకం. ఆటలో ఇవి డెక్ మీద పనిచేస్తాయి గానీ శత్రువు కనబడకముందే ప్రమాదాల్లో విమానాలు పోతూ ఉంటాయి. చరిత్రలోనూ ఇలాగే అయింది. 1944 చివర్లో కమికాజీ (ఆత్మాహుతి విమాన) దాడుల భయంతో ఫైటర్లు ఎక్కువ కావాల్సి వచ్చి, అమెరికా మెరైన్ స్క్వాడ్రన్లు రెంటిని కోర్సెయిర్ విమానాలతో ఎసెక్స్ క్యారియర్ మీదికి పంపారు. మంచి పైలట్లే. అయినా మొదటి రోజుల్లో శత్రువు కాల్పులకన్నా ప్రమాదాల్లోనే ఎక్కువ విమానాలు పోగొట్టుకున్నారు. తర్వాత కుదురుకున్నారు.

కాబట్టి ఇది అత్యవసరానికి మాత్రమే. అదీ ఫైటర్ల వరకే, ఓడల గుంపు మీద కాపలా తిప్పడానికి. దూరం వెళ్లి దాడి చేసి చీకటి పడేవేళ తిరిగొచ్చే పనికి వీళ్లను వాడకండి.

దీన్ని తిరగేసి చేసేవాళ్లు కూడా ఉన్నారు. క్యారియర్ స్క్వాడ్రన్లను ఒడ్డు స్థావరానికి దించి భూమి మీది యుద్ధంలో వాడేస్తారు. జపాన్ ఆటగాళ్లకు దక్షిణ పసిఫిక్‌లోని జపాన్ స్థావరం రబౌల్ పేరు వినగానే ఈ కోరిక పుడుతుంది. దయచేసి చేయకండి. 1943 నవంబర్‌లో షోకాకు, జుయికాకు, జుయిహో దళాల నుంచి 173 విమానాలను రబౌల్‌కు పంపారు. రెండు వారాలు తిరక్కుండానే వాటిలో ఎక్కువ భాగం పోయాయి. నవంబర్ 20న అమెరికన్లు తరావా ద్వీపంలో దిగినప్పుడు జపాన్ దగ్గర క్యారియర్లున్నాయి, వాటి మీదికి ఎక్కించడానికి దళాలు లేవు. 1944 అక్టోబర్‌లో తైవాన్ గగనయుద్ధంలో మళ్లీ అదే చేశారు. ఆ నెలాఖరున జపాన్ అడ్మిరల్ ఒజావా నాలుగు క్యారియర్లు ఫిలిప్పీన్స్‌లోని లేటే దగ్గరికి ఎరగా వచ్చినప్పుడు వాటి మీద మొత్తం నూటపది చిల్లర విమానాలే ఉన్నాయి.

సముద్రంలోనే నింపుకోవడం

ఇది అమెరికా ఆటగాడి ప్రత్యేక భాగ్యం, అదీ 1944 నుంచి. ట్యాంకర్లతో పాటు ఎస్కార్ట్ క్యారియర్లు (చిన్న క్యారియర్లు) కూడా వెనక తిరుగుతుంటాయి. వాటి మీద యుద్ధం చేసే స్క్వాడ్రన్లకు బదులు రిప్లేస్‌మెంట్ విమానాలు ఉంటాయి. పెద్ద క్యారియర్లు నాలుగు రోజులు దాడులు చేసి, వెనక్కి వచ్చి చమురు పట్టుకునేటప్పుడే పోయిన విమానాలకు బదులు కూడా తీసుకుంటాయి. ఆ దళం రేవు ముఖం చూడకుండా వారాల తరబడి సముద్రంలో ఉండగలిగింది దీనివల్లే. ఆటలోనూ రిప్లేస్‌మెంట్ స్క్వాడ్రన్లున్న ఎస్కార్ట్ క్యారియర్లను రీప్లెనిష్‌మెంట్ టాస్క్ ఫోర్స్‌లో పెట్టి ఇదే పని చేయించవచ్చు.

మిగతా దారులతో పోలిస్తే దీని బలం కాలం. పెర్ల్ హార్బర్‌కు వెళ్లి రావడానికి పోయే వారాలు మిగులుతాయి. శత్రువుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరకదు. బలహీనత కూడా ఉంది. ఎస్కార్ట్ క్యారియర్లు నెమ్మదిగా నడుస్తాయి, ఒక్క జలాంతర్గామి చాలు వాటికి. డిస్ట్రాయర్లు లేకుండా వాటిని ఒంటరిగా వదలకండి. పెద్ద క్యారియర్లు దాడి చేసే చోటుకు రెండు రోజుల దూరంలో, శత్రువు నిఘా విమానాల పరిధికి బయట కలుసుకునే చోటు పెట్టుకోండి.

చిన్న చిన్న నష్టాలకు ఈ దారి అద్భుతంగా పనిచేస్తుంది. ఒక్క యుద్ధంలో సగం దళం పోతే మాత్రం పనిచేయదు. అప్పుడు గ్రూప్‌నే మార్చాలి.

మొత్తం గ్రూప్‌ను మార్చేయడం

అమెరికా క్యారియర్ ఎంటర్‌ప్రైజ్ 1942 మొదట్లో ఎయిర్ గ్రూప్ 6తో యుద్ధం చేసింది. అక్టోబర్‌లో సాంటా క్రూజ్ యుద్ధానికి వెళ్లేటప్పటికి దాని మీద ఎయిర్ గ్రూప్ 10 ఉంది. 1944 చివర్లో ఎయిర్ గ్రూప్ 20. ఓడ అదే, ఎగిరేవాళ్లు మారారు. దిగినవాళ్లలో చాలామంది స్వదేశంలో కొత్తవాళ్లకు నేర్పారు. ఈ వలయమే అమెరికాను గెలిపించిన వాటిలో ఒకటని నా నమ్మకం. జపాన్‌లో ఇలాంటి వలయం సరిగా తిరగలేదు. మంచి పైలట్ పోయేదాకా ముందు వరుసలోనే ఉండేవాడు.

మిడ్‌వేలో జపాన్ క్యారియర్ పైలట్లంతా పోయారని చాలామంది అనుకుంటారు. పోయింది క్యారియర్లు. వైమానిక సిబ్బందిలో పోయినవాళ్లు సుమారు 110 మంది. అక్టోబర్ 26న సాంటా క్రూజ్‌లో జపాన్ గెలిచింది, అమెరికా క్యారియర్ హార్నెట్ మునిగింది. కానీ ఆ ఒక్క రోజు జపాన్ కోల్పోయిన వైమానిక సిబ్బంది 148 మంది, వాళ్లలో స్క్వాడ్రన్ నాయకులూ ఉన్నారు. అందుకే దెబ్బ తగలని జుయికాకు కూడా కొత్త దళాన్ని తయారు చేసుకోవడానికి స్వదేశానికి వెళ్లిపోవాల్సి వచ్చింది. చిత్తూరు మిత్రుడు ఈ యుద్ధం గురించి మాట్లాడేటప్పుడల్లా ఒకటే అంటాడు: "ఓడ పోతే ఓడ పోయినాదని కనపడతాది. పైలట్ పోతే కనపడదు, తర్వాత నెలలో తెలుస్తాది." ఆయన జపాన్ ఆట నాకు నచ్చేది అందుకే. గెలిచిన ప్రతి యుద్ధం తర్వాతా కనీసం ఓ క్యారియర్ దళాన్ని పూర్తిగా దించేసి, హోన్షులో శిక్షణకు పెడతాడు. ఆరు క్యారియర్లుంటే ఐదింటితోనే తిరుగుతాడు. ఆ ఐదింటినీ ఎదుర్కోవడం నాకు 1943లోనూ కష్టంగానే ఉంది.

గ్రూప్ మార్చాలంటే మార్చడానికి ఇంకో గ్రూప్ ఉండాలి కదా. దాన్ని ముందే తయారు చేసుకోవాలి. అందుకే ఇది ఖరీదైన దారి: కొన్ని నెలల పాటు మంచి విమానాలు, మంచి పైలట్లు యుద్ధానికి దూరంగా వెనక కూర్చుంటారు. చూస్తుంటే ప్రాణం ఊరుకోదు. అయినా ఊరుకోవాలి.

నింపేటప్పుడే కొత్త మోడల్‌కు మారాలా?

ఎలాగూ ఖాళీ అయింది కదా, అప్‌గ్రేడ్ చేసేద్దాం అనిపిస్తుంది. కొన్నిసార్లు అది సరైనదే. 1942లో వైల్డ్‌క్యాట్ ఎఫ్4ఎఫ్-3 నుంచి ఎఫ్4ఎఫ్-4కు మారినప్పుడు రెక్కలు మడిచే సౌకర్యం వచ్చింది. ఆ చోటు మిగలడంతో ఫైటర్ స్క్వాడ్రన్ 18 నుంచి 27 విమానాలకు పెరిగింది. ప్రతిగా విమానం బరువెక్కింది, పైకి ఎక్కే వేగం తగ్గింది, ఒక్కో తుపాకీకి తూటాలు తగ్గాయి. పైలట్లు సణిగారు. ఆటలో నేనైతే మారిపోతాను. క్యారియర్ల కాపలాకు తొమ్మిది ఫైటర్లు ఎక్కువుండటం మిగతా లోపాలన్నిటినీ మించిన మేలు.

జపాన్ వైపు జీరో ఫైటర్ మోడల్ 32 సంగతి వేరు. దాని పరిధి పాత మోడల్ 21 కన్నా తక్కువ. బాంబర్లు వెళ్లే దూరానికి ఫైటర్ తోడు వెళ్లలేకపోతే దాడి మొత్తం కుంటుపడుతుంది. క్యారియర్ల మీద మోడల్ 21నే ఉంచి, మోడల్ 32ను స్థావరాల రక్షణకు పంపడం మంచిది. వైల్డ్‌క్యాట్ స్థానంలో హెల్‌క్యాట్ ఫైటర్ వచ్చాక అమెరికా ఆటగాడికి ఈ ప్రశ్నే ఉండదు, వెంటనే మారండి.

అయితే ఏ మార్పు చేసినా, పూల్‌లో ఆ కొత్త మోడల్ నిల్వ చూడండి. స్క్వాడ్రన్‌ను నింపగానే పూల్ సున్నా అయితే తర్వాతి నష్టానికి బదులు దొరకదు. ఒక పూర్తి స్క్వాడ్రన్‌కు సరిపడా మిగులు లేకుండా నేను మారను.

మరి ఏది ఎంచుకోవాలి?

1942లో ఎవరి వైపు ఆడినా, మొదట పక్క ఓడలు, ఓడ లేని క్యారియర్ స్క్వాడ్రన్లు చూడండి. అవి లేకపోతే రేవుకు వెళ్లి, శిక్షణ పొందిన పైలట్లతో నింపండి. అలాంటి పైలట్లు కూడా లేకపోతే ఆ క్యారియర్‌ను పంపకండి. ఖాళీగా వెళ్లడం కన్నా వెళ్లకపోవడమే బలం.

1943 రెండు వైపులా గ్రూపులను తయారు చేసే ఏడాది. జపాన్ ఆటగాడికి మరీను. 1944 జూన్ 19న ఫిలిప్పీన్ సముద్రంలో ఒజావా తొమ్మిది క్యారియర్లు, సుమారు 430 విమానాలతో వచ్చాడు. రెండు రోజుల తర్వాత ఎగరగలిగినవి 35 మిగిలాయి. విమానాలు కొత్తవే, జూడీ డైవ్ బాంబర్లు, జిల్ టార్పెడో విమానాలు వేగంగా ఎగిరేవే. పైలట్లు మాత్రం తగినన్ని గంటలు ఎగరనివాళ్లు. చరిత్ర అక్కడికి చేరకుండా ఆపగలిగే అవకాశం మీకు 1943లోనే ఉంటుంది. ఆ ఏడాది చిన్న చిన్న యుద్ధాలకు క్యారియర్లను ఖర్చు చేయకండి. 1944లో అమెరికా ఆటగాడు సముద్రంలో నింపుకుంటూ, నాలుగైదు నెలలకోసారి గ్రూప్ మార్చుకుంటూ పోవచ్చు.

చివరగా దెబ్బతిన్న క్యారియర్ సంగతి. అది షిప్‌యార్డ్‌లోకి వెళ్లగానే స్క్వాడ్రన్లను అక్కడే వదిలేయకండి. దగ్గర్లోని పెద్ద స్థావరానికి దించి, సగం మంది పాత పైలట్లను ఉంచి, కొత్తవాళ్లను కలిపి శిక్షణలో పెట్టండి. అక్కడ ఏవియేషన్ సపోర్ట్ (విమానాలను చూసుకునే నేల సిబ్బంది) తగినంత ఉందో లేదో చూడండి, లేకపోతే విమానాలు మరమ్మతుల్లోనే కూర్చుంటాయి. యార్డ్ తెరలో మరమ్మతుకు పట్టే రోజులు కనిపిస్తాయి. ఓడ బయటికొచ్చే వారం ముందే విమానాల లెక్క, పైలట్ల అలసట, మోడల్ మార్పులు అన్నీ పూర్తిచేసి ఉంచితే, అది రేవు దాటిన రోజే దళం డెక్ ఎక్కుతుంది.